ఆవిరి యంత్రము నుండి నక్కవాగు వరకు

ఆధునిక పాశ్చాత్య నాగరికతకు ఆధారములు రెండు: యంత్రము, ప్రయోగ విజ్ఞానము. 1769లో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రమునకు పేటెంటు పొందెను. కర్మాగారములు వెలసెను, నగరములు క్రిక్కిరిసెను. 1858 వేసవిలో థేమ్సు నది దుర్గంధమునకు లండను పార్లమెంటు సభ్యులే తాళలేకపోయిరి. అటుపిమ్మట బజాల్జెట్ అను ఇంజనీరు నగరమునకు భూగర్భపు మురుగుకాలువలు నిర్మించెను. 1928లో ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను కనుగొనెను.

ఈ రెండు ఆధారములును మన పటాన్‌చెరువులో కలిసికొన్నవి. 1970ల నుండి పెరిగిన ఈ పారిశ్రామికవాడ ఔషధములకు ప్రసిద్ధి గాంచినది. ఇచ్చటి మందులు దేశదేశముల రోగులకు ప్రాణదానము చేసినవి. అయితే 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధన ఆలోచింపదగినది. సుమారు 90 ఔషధ కర్మాగారముల వ్యర్థజలము చేరు శుద్ధికేంద్రము నుండి వెలువడిన నీటిలో, లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ కనబడెను. కొన్ని సూక్ష్మజీవులకు హాని చేయు మోతాదునకు ఇది వేయి రెట్లకు పైమాట. ఆ నీరు నాడు ఇసుకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరను చేరుచుండెను.

అట్టి నీటిలో బలహీనమైన క్రిములు నశించును. మందును తట్టుకొన్నవి మిగిలి వృద్ధి పొందును. వాటివలన రేపు బిడ్డకు జ్వరము వచ్చినచో ఆ మందు పనిచేయదు.

థేమ్సు తీరమున యంత్రమునకును, మురుగుకాలువకును నడుమ దాదాపు నూరేండ్లు గడచినవి. ఆ అనుభవము మనకు ముందే తెలిసియుండెను. యంత్రముతోపాటు దానిని గూడ అందుకొనియుండవలసినది.