గుర్తు తప్పినచో అర్థము తప్పును

రేడియోలో చదువుటకు సిద్ధపరచిన ప్రసంగ ప్రతిలో మాటలతో పాటు కొన్ని గుర్తులు కూడ ఉండును. ఇచ్చట ఆగవలెనని ఒక గీత, ఈ మాటను నొక్కి పలుకవలెనని మరొక గీత. చదువువాడు ఆ గుర్తులను పాటించునే గాని పైకి చదువడు. అచ్చుకూటములలోను ఇదే మర్యాద. నల్లగొండనుండి 1922లో షబ్నవీసు వెంకటరామనరసింహారావుగారు నీలగిరి పత్రికను వెలువరించిన దినములలోను, పాలమూరు సీమకు చెందిన సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిన దినములలోను సీసపు అక్షరములను చేతితో కూర్చెడివారు. ప్రూఫు కాగితపు అంచున వ్రాసిన గుర్తులను బట్టి పంక్తులు సరిపడెడివి. గుర్తులు పాఠకునికి కనబడవు. వాని ఫలితము మాత్రమే కనబడును.

కంప్యూటరు తెరపై మనము చదువు పత్రములకు కూడ ఇట్టి గుర్తులు కలవు. వానిని మార్కప్ అందురు. శీర్షిక ఏది, పట్టిక ఏది, ఆజ్ఞ ఏది అని యంత్రమునకు తెలుపునవి అవియే. ఎవరైనను ఉచితముగా వాడుకొని, మార్చి, ఇతరులకు పంచుటకు వీలైన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరునకు వినియోగ వివరణ పత్రములుండును. వీనిని డాక్యుమెంటేషన్ అందురు. ఈ పత్రములలో దొరలిన మార్కప్ దోషములను దిద్దుట యెట్లో, ఆ పనికి విలువ యేమో వివరింప దలచితిమి.

ముందుగా దోషము పుట్టు విధము చూతము. సాఫ్ట్‌వేరు ఆజ్ఞలలో రెండు చిన్న అడ్డగీతలు వరుసగా వచ్చుట సాధారణము. వివరణ వ్రాయువాడు ఆజ్ఞను మామూలు వాక్యములో కలిపి వ్రాసెననుకొందము. పత్రమును తయారుచేయు స్ఫింక్స్ వంటి పరికరము దానిని ఆజ్ఞయని యెరుగదు. అందముగా నుండునని ఆ రెండు గీతలను కలిపి ఒక పొడుగు గీతగా మార్చివేయును. కంటికి భేదము స్వల్పము. కాని చదువరి దానిని యథాతథముగా తన యంత్రములో దించినచో యంత్రము ఆ ఆజ్ఞను గుర్తింపదు. ఆజ్ఞకు ఇరువైపుల బ్యాక్‌టిక్ అను గుర్తును జంటగా నుంచినచో గీతలు మారవు. దిద్దుబాటు నాలుగు గుర్తులు మాత్రమే.

ఈ బ్యాక్‌టిక్ విషయములోనే ఇంకొక చిక్కు కలదు. 2004లో వెలసిన మార్క్‌డౌన్ పద్ధతిలో ఆజ్ఞకు ఇటొకటి అటొకటి చాలును. రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ పద్ధతిలో ఇటు రెండు, అటు రెండు ఉండవలెను. పైథాన్ భాషా పత్రములు ఈ రెండవ పద్ధతిలో నున్నవి. లైనక్స్ కెర్నల్ పత్రములు కూడ 2016 నుండి ఇందులోనికి మారుచు వచ్చినవి. ఒక పద్ధతికి అలవాటుపడిన చేయి రెండవదానిలో వ్రాయునపుడు తడబడుట సహజము.

పట్టికల సంగతి మరింత జాగ్రత్తగా చూడదగినది. మన ప్రాంతపు ఉదాహరణమే తీసికొందము. త్రాగునీటిలోని ఫ్లోరైడును పటికతోను సున్నముతోను తగ్గించు విధానమునకు లోకమంతట నల్గొండ పద్ధతి యని పేరు. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ దీనిని 1970ల దశకములో రూపొందించినది. ఎంత నీటికి ఎంత పటిక వేయవలెనన్నది నీటిలోని ఫ్లోరైడు పైనను క్షారత్వము పైనను ఆధారపడును. కనుక మోతాదును నిలువు వరుసలు, అడ్డు వరుసలు గల పట్టికగా ఇచ్చెదరు. క్షారత్వము హెచ్చినకొలది పటిక మోతాదును హెచ్చును.

ఇట్టి పట్టికను మార్క్‌డౌన్‌లో వ్రాయునపుడు గడికి గడికి నడుమ ఒక నిలువు గీత నుంచవలెను. ఒక అడ్డు వరుసలో మూడవ, నాలుగవ గడుల నడుమ గీత జారిపోయినదనుకొనుడు. ఆ రెండు అంకెలు మూడవ గడిలో చేరును. అయిదవ అంకె నాలుగవ శీర్షిక క్రిందికి జరుగును. చూచువానికి పట్టిక చక్కగనే యుండును. కాని నాలుగవ వరుసను చదువువాడు అవసరమునకు మించిన పటికను నీటిలో కలుపును. అంకె తప్పుగా వ్రాసినవాడు లేడు, గణితము తప్పినవాడు లేడు. గీత ఒకటి తప్పినది.

యంత్రమే ఇట్టి తప్పులను సరిదిద్దరాదా యని అడుగవచ్చును. దానికి వికీపీడియా అనుభవము సమాధానము. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా మీడియావికీ అను ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరుపై నడచుచున్నది. ఆ వికీలలో చాల ఏండ్లు టైడీ అను పరికరము లోలోపల పని చేసెడిది. వ్రాసినవారు ఒక గుర్తును తెరచి మూయుట మరచినచో, అది తనకు తోచినట్లు మూసి, పుటను చక్కగా చూపెడిది. 2018లో దానిని తొలగించి, తెరచిన గుర్తును తెరచినట్లే గ్రహించు రెమెక్స్ అను క్రొత్త పరికరమును అమర్చిరి. అంతవరకు మరుగుపడిన దోషములు బయటపడ వలసి వచ్చినది. ఒకచోట అక్షరములను చిన్నవి చేయు గుర్తును మూయకున్న, ఆ క్రింది భాగమంతయు చిన్న అక్షరములలో కనబడు ప్రమాద మేర్పడినది. అందుచేత మార్పునకు ముందే యంత్రముచేత దోషముల పట్టికలు వేయించి, స్వచ్ఛంద కార్యకర్తలు పుట పుటకు దిద్దవలసి వచ్చినది. కప్పిపుచ్చిన దోషము తీరినట్లు కాదు, వాయిదా పడినట్లు.

ఇక దిద్దు క్రమము. మొదట మూలపత్రమును తన యంత్రములో తయారుచేసి, హెచ్చరికలను చదువవలెను. హెచ్చరికలో పత్రము పేరును, పంక్తి సంఖ్యయు నుండును. కాని దోషము ఆ పంక్తిలోనే యుండునని నమ్మరాదు. మూయని గుర్తు పది పంక్తుల పైన నుండవచ్చును. పైనుండి క్రిందికి వెదకవలెను. రెండవది, గుర్తులను దిద్దునపుడు మాటలను మార్చరాదు. రెండు పనులను కలిపినచో పరిశీలించువారికి ఏది యెందుకు మారినదో తెలియదు. మూడవది, యంత్రము ఊరకున్నంత మాత్రమున తృప్తిపడక, తయారైన పుటను కంటితో చూడవలెను. పైన చెప్పిన పొడుగు గీతకును, జారిన అంకెకును యంత్రము హెచ్చరిక యియ్యకపోవచ్చును. నాలుగవది, మార్పును చిన్నదిగా నుంచి, కారణము తెలిపి పంపవలెను. మూడు పంక్తుల మార్పును ఎవరైనను వెంటనే చూచెదరు. మూడు వందల పంక్తులైన వాయిదా వేసెదరు.

అయిదవది, రెండవ మనిషి చూపు. ప్రాత పుస్తకములను ఎక్కించు వికీసోర్స్‌లో ఈ నియమము చక్కగా నున్నది. ఒకరు దిద్దిన పుట పసుపుపచ్చ రంగు పొందును. వేరొకరు సరిచూచిన పిమ్మటనే ఆకుపచ్చ రంగు వచ్చును. తాను వ్రాసినదానిలో తన కన్ను తప్పును దాటిపోవును గదా.

ఇంత శ్రమ ఎవరికొరకు? దేవరకొండలోనో, అచ్చంపేటలోనో అడుగుటకు దగ్గరలో గురువు లేని విద్యార్థి యొకడు ఈ పత్రములను చూచి సాఫ్ట్‌వేరు నేర్చుకొనుచున్నాడనుకొందము. ఆ పత్రమే వానికి గురువు. అందు చెప్పినట్లు చేసినను యంత్రము పలుకనిచో, పత్రమును శంకించుటకు వానికి ధైర్యము చాలదు, తన తెలివినే శంకించుకొనును. తప్పు పత్రముది, నింద చదువరిది. నగరములోనివాడు ప్రక్కవానినడిగి గట్టెక్కును. ఒంటరిగా చదువువాడు అచ్చటనే ఆగిపోవును.

దిద్దుటకు గొప్ప ప్రోగ్రాములు వ్రాయు నేర్పు అక్కరలేదు. ఓపికగా చదువు కన్ను, తెరచినదానిని మూయు అలవాటు చాలును. ఓపెన్ సోర్స్ పత్రములకు తలుపు తాళము లేదు గనుక, తడబడినచోటనే ఆగి, అచ్చటి గుర్తును సరిచేసి పంపు హక్కు ఆ విద్యార్థికిని గలదు. వాని తరువాత వచ్చువాడు ఆ చోట ఆగకుండ ముందుకు సాగును.