నల్లమలలో నిరూపించాల్సింది ఎవరు?

టైగర్ రిజర్వుల కోర్ ప్రాంతాల్లో ఇంకా 591 గ్రామాలు, 64,801 కుటుంబాలు ఉన్నాయనీ, తరలింపు మందకొడిగా సాగుతోందనీ, త్వరపడమనీ 2024 జూన్‌లో జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ రాష్ట్రాలకు లేఖ రాసింది. తెలుగువాళ్లకు ఈ మాట వినగానే నల్లమల, అక్కడి చెంచు ఆదివాసుల చిన్న పల్లెలైన పెంటలు గుర్తుకొస్తాయి. అక్కడి అమ్రాబాద్ పీఠభూమి చెంచుల మీద మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ పుస్తకం వెలువడింది 1943లో. తేనె తీస్తూ, గడ్డలు తవ్వుకుంటూ, జిగురు, చింతపండు ఏరుకుంటూ వాళ్లు బతికిన ఆ అడవి అభయారణ్యమైంది 1978లో, ప్రాజెక్ట్ టైగర్‌లో చేరింది 1983లో. పులికి కేటాయించదగిన అడవి ఇక్కడ మిగిలి ఉందని ప్రభుత్వం గుర్తించేనాటికే చెంచులు అందులో ఉన్నారు. అది వాళ్లవల్లే మిగిలిందని దీనితో రుజువు కాదు, నిజమే. కానీ వాళ్లుంటే అడవి మిగలదనేవాళ్లు మాత్రం ఈ సంగతికి జవాబు చెప్పాలి.

అసలు రుజువు ఎవరు చూపాలో చట్టమే తేల్చింది. 2006 అటవీ హక్కుల చట్టం, అదే ఏడాది వన్యప్రాణి సంరక్షణ చట్టానికి వచ్చిన సవరణ, రెండూ ఒక వరుస క్రమం పెట్టాయి. ముందు తరలించదలచిన ప్రాంతంలో హక్కుల గుర్తింపు పూర్తికావాలి. మనుషుల వల్ల పులికి పూడ్చలేని నష్టం జరుగుతోందని, కలిసి బతికే దారి మరేదీ లేదని ప్రభుత్వం తేల్చాలి. ఆ తర్వాతే పునరావాసం, అదీ గ్రామసభ ఒప్పుకుంటేనే. ఆచరణలో ఈ వరుస తలకిందులైంది. హక్కుల చట్టం అమల్లోకి రాబోతుండగా, 2007 చివరి వారాల్లో చాలా రాష్ట్రాలు హడావిడిగా కోర్ హద్దులు గీసేశాయి. 2017 మార్చిలోనైతే, ఆ హద్దుల లోపల హక్కులే ఇవ్వొద్దని ప్రాధికార సంస్థ ఆదేశించి, ఏడాది తర్వాత వెనక్కి తీసుకుంది. హక్కు పత్రం చేతిలో లేనివాడు బేరమాడలేడు. అతడు ఇచ్చే సమ్మతికి విలువెంత?

కలిసి బతికే దారి ఉందో లేదో తెలుసుకోవాలంటే కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండలను చూడాలి. 1974లో అభయారణ్యం ఏర్పడ్డాక అక్కడి సోలిగ ఆదివాసులను అడవి లోపలి పోడుల (వాళ్ల పల్లెల) నుంచి తరలించారు. ఎండాకాలం మొదట్లో నేలమీది ఆకుచెత్తకు వాళ్లు పెట్టే చిన్న మంటలనూ నిషేధించారు. తర్వాతి దశాబ్దాల్లో లాంటానా పొదలు అడవి నేలను కమ్మేశాయి. మంటలు ఆగడం ఇందుకు ఒక కారణమని సోలిగలు చెబుతూ వచ్చారు, ఆ అడవిని అధ్యయనం చేసిన పరిశోధకులూ ఆ మాటను పట్టించుకున్నారు. 2011 జనవరిలో అది టైగర్ రిజర్వయింది. అదే ఏడాది అక్టోబరులో 25 సోలిగ గ్రామసభలకు సామూహిక అటవీ హక్కులు దక్కాయి. పులుల సంఖ్య 2010లో 35 కాగా 2014 నాటికి 68కి చేరిందని లెక్కలు చెప్పాయి. లెక్కింపు పద్ధతులు మారుతుంటాయి కాబట్టి పెరుగుదల అంతా సోలిగల ఘనతే అనడం తొందరపాటు. అయినా మనుషులుండగానే పులులు పెరిగాయి. ‘వేరే దారి లేదు’ అని ప్రభుత్వం ఎక్కడ రాసినా, ఈ ఒక్క ఉదాహరణ ముందు దానికి కారణాలు చూపాల్సిందే.

పిల్లల్ని సాకే ఆడపులికి అలికిడి లేని చోటు కావాలని జీవశాస్త్రవేత్తలు అంటారు. వాళ్ల మాట కొట్టిపారేయలేం. వందల పశువులు, పత్తి చేలు, కరెంటు తీగల ఉచ్చులు ఉన్న పెద్ద ఊరు పులికి చేటే. అయితే పది ఇళ్ల చెంచు పెంటను ఆ గాటనే కట్టడం ఏం న్యాయం? అలికిడే సమస్య అయితే హైదరాబాద్–శ్రీశైలం రహదారి నల్లమల గుండానే పోతోంది, సలేశ్వరం జాతరకు వేలమంది వస్తారు, సఫారీ బండ్లు తిరుగుతాయి. 2019లో నల్లమలలోని అమ్రాబాద్ టైగర్ రిజర్వులో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. జనం ఎదురుతిరిగాక, సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వ్యతిరేకిస్తూ తీర్మానం చేసింది. డ్రిల్లింగుకు తావున్న అడవిలో తేనె తీసేవాడికి తావు లేదంటే, అక్కడ అడ్డం అలికిడి కాదు, అతడి నోరులేనితనం. పైగా పులి జాడ పట్టడానికి అటవీశాఖ బేస్ క్యాంపుల్లో పెట్టుకున్నదీ ఆ చెంచులనే.

చెంచులకు బడి, ఆసుపత్రి అక్కర్లేదా, వెళ్తామనేవాళ్లను ఎందుకు ఆపాలి అన్నది మరో ప్రశ్న. ఆపకూడదు. 2021 నుంచి కుటుంబానికి 15 లక్షల రూపాయల ప్యాకేజీ ఉంది. కోరుకున్నవాళ్లకు అది పూర్తిగా అందాలి. కానీ కోర్‌లో ఉందన్న సాకుతో పెంటకు రోడ్డు, బోరు, నర్సు రాకుండా ఏళ్ల తరబడి ఆపి, చివరికి విసిగి బయల్దేరినవాణ్ని స్వచ్ఛందంగా వెళ్లాడనడం అబద్ధం. బతుకంతా అడవి పంట మీద నడిచిన కుటుంబానికి బ్యాంకులో పడ్డ సొమ్ము నాలుగేళ్లలో కరిగిపోతే మిగిలేది పరాయి చేలో కూలి. అందుకే తరలిన కుటుంబానికి ఇల్లు, సాగునీరున్న భూమితోపాటు, పాత అడవిలో తేనె, జిగురు సేకరించుకునే హక్కు కూడా రాతపూర్వకంగా కొనసాగాలి. ఆ షరతు ఒప్పందంలోనే ఉండాలి, అధికారి దయకు వదలకూడదు.