తారు రోడ్డెక్కాక రెండో రాడ్డు

గుణుపురం వైపు కొండదారిలో, ఒక వానాకాలం, పిల్లల్ని పాత జీపులో తీసుకెళ్తున్నాను. బురద ఎత్తు బాగానే ఎక్కింది. తారు రోడ్డు మీదికొచ్చాక మొదటి మలుపులోనే స్టీరింగు బిగుసుకుంది. బండి తిరగకుండా లోయవైపే పోబోయింది. డ్రైవరు బ్రేకు వేసి, "ఫోర్ వీల్ తియ్యడం మర్చిపోయాను మాస్టారూ" అన్నాడు. తియ్యబోతే రాడ్డు కదల్లేదు. కాస్త దూరం తిన్నగా వెనక్కి నడిపాక వచ్చింది.

మర్నాడు పదో తరగతిలో దీన్నే లెక్కగా ఇచ్చాను. ఆ జీపు ఇరుసుల మధ్య దూరం సుమారు 2 మీటర్లు. వెనక ఇరుసు 6 మీటర్ల వ్యాసార్ధంతో తిరిగితే, పైథాగరస్ ప్రకారం ముందు ఇరుసు తిరగాల్సింది 6.32 మీటర్లతో. పావు చుట్టుకే ముందు చక్రాలు అర మీటరు ఎక్కువ నడవాలి. ఎడమ కుడి చక్రాల తేడా ఇరుసులోని డిఫరెన్షియల్ చూసుకుంటుంది. ముందు వెనకల తేడా చూసేది పార్ట్‌టైమ్ ఫోర్ వీల్‌లో ఏదీ లేదు. రెండు షాఫ్టులూ ఒకే వేగంతో తిరగాల్సిందే. బురదలో చక్రం జారి సర్దుకుంటుంది. ఎండిన తారు మీద జారదు కాబట్టి మెలి షాఫ్టుల్లో పేరుకుని గేర్లను పట్టేస్తుంది.

డ్రైవరును మరీ తప్పుపట్టలేం. విల్లీస్ నమూనా జీపుల్లో ఫోర్ వీల్ వేస్తేగాని లో గేరు పడదు. ఎత్తెక్కాక లో తీసి, రెండోది వదిలేశాడు.

ఫుల్‌టైమ్ బళ్లలో ఈ బాధ లేదు. 1970లో వచ్చిన రేంజ్ రోవర్‌లోనూ, 1973 నుంచి అమెరికాలో షెవర్లే ట్రక్కుల్లోనూ మధ్యలో మూడో డిఫరెన్షియల్ పెట్టారు. అయితే ఒక్క చక్రం గాల్లో తిరిగితే బలమంతా దానికే పోతుంది. అందుకే లాక్ ఇచ్చారు. ఆ లాక్ వేసి తారు మీద నడిపితే మళ్లీ మన జీపు కథే! పైగా నాలుగు చక్రాలూ ఎప్పుడూ తిప్పడానికి పెట్రోలు ఎక్కువ. చమురు ధర పెరిగాక చాలామంది అమెరికన్లు కిట్లు కొని ఆ ట్రక్కులను పార్ట్‌టైమ్‌కు మార్చుకున్నారు.

పిల్లల కోసం పాత బండి మాట్లాడుకునే తల్లిదండ్రులు టైర్లు, బ్రేకులు చూస్తారు. మధ్య డిఫరెన్షియల్ ఉందా, లేకపోతే రాడ్డు ఎక్కడ తీస్తారు అని కూడా అడగండి. మా బడి జీపులో ఇప్పుడు తారు కనబడితే చాలు, వెనక సీట్లోంచి "ఫోర్ వీల్ తీశావా అన్నా?" అని కేక వినిపిస్తుంది.