చెవిలో మోగేది నాదమా, రోగమా?

వేదానికి శ్రుతి అని పేరు. గురువు నోట వెలువడిన మాటను శిష్యుడు చెవితో అందుకోవడం వల్ల ఆ పేరు ఏర్పడింది. తొమ్మిది విధాలైన భక్తిలోనూ మొదటిది శ్రవణమే. కన్నుకు రెప్ప ఉంది, నోటికి పెదవులున్నాయి. చెవికి మాత్రం తలుపు లేదు. మనం నిద్రించినా అది తెరుచుకునే ఉంటుంది. బయటి మోత బాధిస్తే చోటు మార్చుకోగలం. మోత లోపలి నుంచే పుడితే ఎక్కడికి పోగలం?

కొందరికి సరిగ్గా ఈ అవస్థే కలుగుతుంది. రాత్రి దీపం ఆర్పి తలగడపై తల వాల్చగానే ఒక చెవిలో ‘సుయ్... సుయ్...’ మంటూ సవ్వడి మొదలవుతుంది. మెట్లెక్కి వస్తే దాని వేగం పెరుగుతుంది. కాసేపు కూర్చుంటే నెమ్మదిస్తుంది. మణికట్టుపై వేలుంచి చూస్తే నాడి, చెవిలోని సవ్వడి ఒకే లయలో నడుస్తుంటాయి. వైద్యులు దీనిని పల్సటైల్ టిన్నిటస్ అంటారు. నాడితో కలిసి మోగే కర్ణనాదం అని మనం చెప్పుకోవచ్చు.

కొడిమ్యాల ప్రాంతంలో అర్చకత్వం చేసేవారికి ఈ బాధ తరచుగా ప్రశ్న రూపంలో ఎదురవుతుంది. “అయ్యగారూ, ఇది ఓంకారమా? ఏదైనా గాలి సోకిందా? ఆయువు తీరుతోందనడానికి సూచనా?” అని అడుగుతారు. ఈ మూడు అనుమానాల్లో ఏది బలపడినా జరిగే నష్టం ఒక్కటే. వైద్యుని వద్దకు వెళ్లవలసిన కాలం వృథాగా గడిచిపోతుంది. కనుక శాస్త్రం ఏమి చెబుతున్నదో ముందు తెలుసుకుందాం.

ఉపనిషత్తు విన్న ధ్వని

దేహం లోపల ధ్వని ఉన్నదని మన ఋషులు ఏనాడో గుర్తించారు. మనిషిలో ఉంటూ అన్నాన్ని పచనం చేసే వైశ్వానరాగ్నికి ఒక ఘోష ఉందనీ, రెండు చెవులూ మూసుకుంటే అది వినిపిస్తుందనీ బృహదారణ్యకోపనిషత్తు ఐదో అధ్యాయం చెబుతుంది. ఛాందోగ్యం మూడో అధ్యాయం ఆ ధ్వనిని మండే అగ్ని చేసే శబ్దంతో పోల్చింది. ఇక్కడ గమనించవలసిన విశేషం ఒకటుంది. ప్రాణం పోయే వేళ మనిషికి ఆ ఘోష వినిపించదని బృహదారణ్యకం అంటుంది. అంటే ఋషుల దృష్టిలో లోపలి సవ్వడి ప్రాణం ఉన్నదనడానికి గుర్తు. ‘చెవిలో మోగుతోంది, ఇక నా పని అయిపోయింది’ అని భయపడేవారికి ఉపనిషత్తే ధైర్యం చెబుతున్నది.

ఒకే పోలికలు, రెండు శాస్త్రాలు

ఇక ఓంకారమా అన్న ప్రశ్న. పదిహేనో శతాబ్దపు స్వాత్మారాముడు హఠయోగ ప్రదీపిక నాలుగో అధ్యాయంలో నాదానుసంధానాన్ని వివరించాడు. సాధకుడికి తొలుత సముద్రం, మేఘం, భేరి వంటి పెద్ద ధ్వనులు, ఆపై శంఖం, ఘంట వంటివి, చివరకు వేణువు, వీణ, తుమ్మెద వంటి సూక్ష్మ నాదాలు వినిపిస్తాయని వర్ణించాడు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే మాధవకరుడు తన రోగనిదాన గ్రంథంలో ఒక వ్యాధిని పేర్కొన్నాడు. వాతం చెవి మార్గంలో నిలిచినప్పుడు భేరి, మృదంగం, శంఖం వంటి ధ్వనులు వినిపిస్తాయనీ, అదే కర్ణనాదమనీ చెప్పాడు. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం ఇరవై ఎనిమిది కర్ణరోగాలను లెక్కించి, ఇటువంటి బాధను వాటిలో చేర్చింది.

భేరి, శంఖం రెండు శాస్త్రాల్లోనూ ఉన్నాయి. ఒకచోట అవి సాధన, మరొకచోట రోగం. అందువల్ల ధ్వని పోలికను బట్టి తేల్చుకోవడం సాధ్యం కాదు. వచ్చిన తీరును చూడాలి. యోగి వినే నాదం అభ్యాసం వల్ల, ఆసనంలో కూర్చున్న వేళ కలుగుతుంది. క్రమంగా సూక్ష్మమై మనసును శాంతింపజేస్తుంది. సాధన ముగించి లేస్తే వెంటపడదు. పిలవకుండా వచ్చి, నాడితో పాటు కొట్టుకుంటూ, నిద్ర చెడగొట్టి, మనసును కలవరపెట్టేది మాత్రం దేహం చెప్పుకుంటున్న మొర. దానిని అనాహతమని పూజించనవసరం లేదు, బాణామతి అని భయపడనవసరమూ లేదు.

తూము దగ్గర నీటి చప్పుడు

దేహం ఎందుకు ఇలా మొరపెడుతుంది? మెదడుకు రక్తాన్ని తీసుకువెళ్లే పెద్ద ధమని కణత ఎముక లోపలి నుంచి, వినికిడికి మూలమైన నత్తగుల్ల వంటి భాగానికి అతి సమీపంగా సాగుతుంది. మెదడు నుంచి రక్తాన్ని దించే పెద్ద సిర కూడా మధ్య చెవి అడుగు భాగాన్ని ఆనుకునే దిగుతుంది. ఇంత దగ్గరగా పారుతున్నా మామూలుగా మనకు వినిపించదు. నిండుగా, నెమ్మదిగా పారే కాలువకు చప్పుడుండదు గదా! అదే నీరు చెరువు తూము వంటి ఇరుకులో పడినప్పుడు, వాగులో పలచబడి రాళ్ల మధ్య పరుగెత్తినప్పుడు సవ్వడి పుడుతుంది. రక్తం సంగతీ అంతే.

సిరిసిల్లలో సాంచాల మధ్య ఏళ్ల తరబడి పనిచేసిన నేతన్నలకు చెవిలో ఎడతెగకుండా ‘కుయ్’ మనే మోత మిగలడం వేరే విషయం. అది పెద్ద శబ్దాల వల్ల లోపలి చెవి దెబ్బతిన్నప్పుడు వచ్చేది. దానికి నాడితో సంబంధం ఉండదు. నాడితో మోగే సవ్వడి చాలామందిలో నిజంగా పుడుతున్న ధ్వనే. 1816లో ఫ్రాన్సులో లెనెక్ కనిపెట్టిన స్టెతస్కోపును మెడపైనో చెవి వెనుకనో ఉంచినప్పుడు కొన్నిసార్లు అది వైద్యునికీ వినిపిస్తుంది. రోగి భ్రమపడడం లేదనడానికి ఇంతకంటే సాక్ష్యమేమి కావాలి?

కారణాలు పలు రకాలు. రక్తహీనతలో రక్తం పలచబడి వేగంగా పరుగెత్తుతుంది. తెలంగాణలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నదని 2019-20 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల్లో దినమంతా కూర్చుని బీడీలు చుట్టే తల్లులు ఈ మాటను ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడం, అధిక రక్తపోటు, గర్భధారణ కూడా రక్తవేగాన్ని పెంచుతాయి. వయసు మీరినవారిలో మెడలోని ధమని లోపల కొవ్వు పేరుకుని ఇరుకు కావచ్చు. గులిమి అడ్డుపడినా, మధ్య చెవిలో నీరు చేరినా బయటి శబ్దాలు తగ్గి లోపలి సవ్వడి పెద్దదిగా తోస్తుంది.

కొన్ని కారణాలు మరింత శ్రద్ధ కోరేవి. మెదడు చుట్టూ ఉండే ద్రవం ఒత్తిడి పెరగడం వాటిలో ఒకటి. ఇది ఎక్కువగా సంతానవయసులో ఉండి బరువు పెరిగిన స్త్రీలలో కనిపిస్తుంది. తలనొప్పి, వంగి లేచినప్పుడు కళ్లు క్షణకాలం మసకబారడం దీని గుర్తులు. నిర్లక్ష్యం చేస్తే చూపే పోవచ్చు. ధమనిలోని రక్తం నేరుగా సిరలోకి ప్రవేశించే అక్రమ మార్గం ఏర్పడడం, చెవి వెనుక సిరపై ఎముక పలచబడడం, మధ్య చెవిలో రక్తనాళాల గడ్డ పెరగడం కూడా అరుదుగా కారణాలవుతాయి.

శుభవార్త ఏమంటే, ఈ రకం కర్ణనాదంలో వెతికితే చాలాసార్లు కారణం దొరుకుతుంది. కారణాన్ని సరిచేస్తే సవ్వడి తగ్గుతుంది, కొందరిలో పూర్తిగా ఆగిపోతుంది. రక్తహీనతకు ఐరన్ మాత్రలు, థైరాయిడ్‌కు దాని మందులు ఉన్నాయి. మెదడు ఒత్తిడికి బరువు తగ్గడం, అసిటజోలమైడ్ మందు ఉపకరిస్తాయి. ఇరుకైన సిరలో స్టెంట్ అమర్చడం, అక్రమ మార్గాన్ని రక్తనాళం లోపలి నుంచే మూసివేయడం వంటి చికిత్సలను అవసరమైనవారికి నిపుణులు చేస్తున్నారు.

ఎవరిని కలవాలి?

మొదట దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ, హిమోగ్లోబిన్ చూపించుకోవచ్చు. తరువాత చెవి, ముక్కు, గొంతు వైద్యుని కలవాలి. చెవి లోపలి పరీక్ష, వినికిడి పరీక్ష, థైరాయిడ్ పరీక్ష, మెడ రక్తనాళాల డాప్లర్, అవసరమైతే రక్తనాళాలను చూపే సీటీ, ఎమ్మారై స్కాన్లు వరుసగా జరుగుతాయి. జగిత్యాలలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. హైదరాబాద్ కోఠిలో చెవి, ముక్కు, గొంతు వ్యాధులకు ప్రత్యేకంగా ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. ‘ఈ మోత నా నాడితో పాటే కొట్టుకుంటోంది’ అన్న ఒక్క మాట వైద్యునికి తప్పక చెప్పండి. పరీక్షల దారి ఆ మాటతోనే మారుతుంది.

సవ్వడితో పాటు తీవ్రమైన తలనొప్పి, చూపు మసక, ఒకటి రెండుగా కనిపించడం, మాట తడబాటు, కాలుసేతుల బలహీనత, హఠాత్తుగా వినికిడి తగ్గడం వంటివి ఉంటే ఆనాడే ఆసుపత్రికి వెళ్లాలి. తలకు దెబ్బ తగిలిన తరువాత సవ్వడి మొదలైనా అంతే. అమావాస్య వెళ్లనీ, వారం కుదరనీ అని ఆగరాదు.

కొండ చెప్పే పాఠం

మన పొరుగునే కొండగట్టు అంజన్న కొలువై ఉన్నాడు. మనోవ్యాధులతో, గ్రహబాధలతో ఉన్నవారు కొన్నాళ్లు కొండపై ఉండి స్వామిని సేవిస్తే స్వస్థత కలుగుతుందన్న విశ్వాసం తరతరాలుగా ఉంది. చెవిలో మోత అన్నవారిని కూడా ‘మతి చెదిరింది’ అని ఇంటివారు అక్కడికి తీసుకుపోవడం అప్పుడప్పుడు జరుగుతుంది. స్వామి దర్శనం సర్వదా మేలే. అయితే ఆ కొండ కథను ఒకసారి తలచుకోండి. హనుమంతుడు సంజీవని పర్వతాన్ని మోసుకుపోతుండగా జారిపడిన ముక్కే కొండగట్టు అయిందని భక్తులు చెప్పుకుంటారు.

ఆ పర్వతం ఎందుకు వచ్చింది? రావణుని శక్తికి లక్ష్మణుడు పడిపోయినప్పుడు శ్రీరాముడు విలపించాడు. అప్పుడు సుషేణుడు లక్ష్మణుని పరీక్షించి, ప్రాణం ఉన్నదని నిర్ధారించి, ఏ ఓషధులు కావాలో చెప్పాడు. హనుమంతుడు తెచ్చాడు. సుషేణుడు ఆ ఓషధిని నలిపి లక్ష్మణుని ముక్కుకు అందించాడు. సాక్షాత్తు శ్రీరాముని సోదరుడికే వైద్యుని పరీక్ష, వైద్యుని మందు అవసరమయ్యాయి. మరి మనం వైద్యుని వద్దకు పోతే భక్తికి లోపం ఎలా అవుతుంది? ఆ కథలో హనుమంతుడు మందు తెచ్చిన సేవకుడు. స్వామిని నమ్మడమంటే ఆయన తెచ్చిన మందునూ నమ్మడమే.

మిగిలిన సవ్వడితో సహవాసం

అన్ని పరీక్షలూ జరిగి, ప్రమాదం లేదని తేలాక కూడా కొందరికి కొంత సవ్వడి మిగులుతుంది. భగవద్గీత రెండో అధ్యాయంలో చెప్పిన తితిక్షకు ఇదే సమయం. శీతోష్ణాలు వచ్చిపోయేవి, ఓర్చుకోమని భగవానుడు బోధించాడు. చేయవలసిన చికిత్స చేశాక మిగిలినదాన్ని ఓర్వడం తితిక్ష. చేయదగిన చికిత్సను మానుకోవడం తితిక్ష కాదు.

ఈ వ్యాస రచయితకు అరవై దాటాక ఎడమ చెవిలో ఈ సవ్వడి మొదలైంది. రక్తపోటు ఎక్కువగా ఉందని తేలింది. మందులు, ఉప్పు తగ్గించిన భోజనం వల్ల అది చాలా వరకు శాంతించింది. ఇప్పటికీ కొన్ని రాత్రులు వచ్చి పలకరిస్తుంది. అటువంటి రాత్రుల్లో ఉపకరించిన కొన్ని నియమాలను పాఠకుల ముందుంచుతున్నాను.

పూర్తి నిశ్శబ్దంలో పడుకోరాదు. ఫ్యాను గాలి, సన్నని తంబురా శ్రుతి వంటి ధ్వని గదిలో ఉండనివ్వాలి. అది లోపలి సవ్వడిని ముంచేయనవసరం లేదు, తోడుగా ఉంటే చాలు. తలగడ కొంచెం ఎత్తుగా ఉంచి, ఏ పక్కకు తిరిగితే సవ్వడి తగ్గుతుందో గమనించాలి. మెడపై నరాలను స్వయంగా నొక్కి చూడరాదు, అది ప్రమాదం. పరీక్ష కాకముందు చెవిలో వేడి నూనె పోయడం, పుల్లలు పెట్టడం కూడదు.

జపం వాచికం, ఉపాంశువు, మానసం అని మూడు విధాలు. మానసం శ్రేష్ఠమని పెద్దలంటారు. కానీ చెవి మోగే రాత్రి మానస జపంలో కూర్చుంటే మనసు మంత్రాన్ని విడిచి మోత వెంట పోతుంది. అప్పుడు పెదవులు కదిలే ఉపాంశు జపం మంచిది. ఊపిరి నెమ్మదిగా తీసి, అంతకంటే నెమ్మదిగా విడవాలి. భ్రామరి చేసేవారు చెవులు మూయకుండా మృదువుగా చేయాలి. ఊపిరి బిగబట్టే కుంభకం, తల కిందులుగా ఉండే శీర్షాసనం వైద్యుని అడగనిదే వద్దు. ‘ఉన్నదా, పోయిందా’ అని పదేపదే చెవి పెట్టి వెతకడమూ మానాలి. అతిథిని మాటిమాటికీ పలకరిస్తే లేచి వెళ్లడు గదా!

పగలు అలవాటు చేయని జపం రాత్రి ఆపదలో ఒక్కసారిగా రాదు. మన ధర్మపురి శేషప్ప కవి నరసింహ శతకంలో అంత్యకాలాన నామం పలకగలనో లేదోనని ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే స్వామిని తలచుకున్నాడు. ఆ జాగ్రత్త మనకూ కావాలి.

ఇంటివారికి ఒక మనవి. మీకు వినిపించనంత మాత్రాన ఆ సవ్వడి లేదని అనకండి. పక్కన కూర్చుని బాధ చెప్పుకోనివ్వండి, వైద్యుని వద్దకు తోడుగా వెళ్లండి. ఎదుటివారి మొరను ఓపికగా వినడం కూడా శ్రవణమే. ఆ శ్రవణ భక్తికి అంజన్న తప్పక ప్రసన్నుడవుతాడు.