మెన్నా సమాధి: కళ్లు పోయిన బొమ్మ

పోయిన ఎపిసోడ్‌లో ఈజిప్టు రాజుల సమాధులు చూశాం కదా. ఈసారి ఒక ఉద్యోగి సమాధిలోకి వెళ్దాం. ఆయన పేరు మెన్నా. సుమారు 3,400 ఏళ్ల కిందట పొలాలు కొలిపించి, పంట లెక్కలు రాయించిన అధికారి. మన పాత కరణంగారి పనే, కాకపోతే హోదా చాలా పెద్దది. నైలు నదికి పడమట, ఇప్పటి లక్సర్‌కి ఎదురుగా ఉన్న కొండలో ఉంది ఈ సమాధి. నంబరు 69.

బొమ్మలున్న ఈ గదుల్లో శవాన్ని పెట్టరండీ. అది కింద, బావిలాంటి గోతిలో ఉంటుంది. పైగదులు బంధువులు పండగకి వచ్చి నైవేద్యం పెట్టి వెళ్లడానికి. కొండరాయి నాసిరకం కావడంతో శిల్పం చెక్కే బదులు మట్టిపూత పూసి, దానిమీద తెల్లపూత వేసి, అది ఆరాక రంగులు వేశారు. ఎరుపు, పసుపు మట్టిరంగులే. నీలం మాత్రం ఇసుక, సున్నం, రాగి కలిపి కొలిమిలో కాల్చి తయారుచేసుకున్నది.

రాజుల గోడల నిండా దేవుళ్లుంటే, ఇక్కడ పొలం పనులు. తాడుతో చేను కొలవడం, కోతలు, తూర్పారపట్టడం. మధ్యలో ఇద్దరు ఆడపిల్లలు జుట్లు పట్టుకుని కొట్టుకుంటున్నారు! ఇంకో పిల్ల తోటిపిల్ల కాల్లో ముల్లు తీస్తోంది. నాకైతే ఈ రెండు చాలు, సమాధి అంతా చూసినట్టే.

ఇవి అలంకారం కోసమే వేయించలేదు. గోడమీద పంట పండితే చనిపోయినవాడికి ఎప్పటికీ తిండి ఉంటుందని వాళ్ల నమ్మకం. బొమ్మ పనిచేస్తుందన్నమాట. మనిషిని పక్కనుంచి చూపించినా కన్ను మాత్రం ఎదురుగా చూస్తున్నట్టు పూర్తిగా వేయడంలోనూ ఆ లెక్కే ఉంది. ఏ అవయవమూ సగంలో ఆగకూడదు.

ఇప్పుడు అసలు విషయం. మెన్నా కుటుంబంతో పడవెక్కి పక్షుల్ని వేటాడే బొమ్మ చాలా పేరున్నది. అందులో ఆయన ముఖాన్ని ఎవరో పనిగట్టుకుని గోకేశారు. పక్కనే ఉన్న భార్య హెనుత్తావీ ముఖం చెక్కుచెదరలేదు. మిగతా చోట్ల కూడా ఆయన ముఖానికి, కళ్లకి దెబ్బలున్నాయి. దొంగలైతే బంగారం కోసం వెతుక్కుంటారు, గోడతో వాళ్లకేం పని? బొమ్మ పనిచేస్తుందని మెన్నా ఎంత నమ్మాడో, ఆ వచ్చినవాడూ అంతే నమ్మాడు. కన్ను తీసేస్తే ఇక అక్కడ కూడా ఆయన తన పంట చూసుకోలేడు.

వచ్చే ఎపిసోడ్‌లో సెన్నెద్జెమ్ సమాధి. రాజుల సమాధులు తీర్చిదిద్దిన పనివాళ్ల ఊరివాడు, తన సమాధికి ఎలాంటి బొమ్మలు వేయించుకున్నాడో చూద్దాం. ఉంటానండీ.