జ్ఞాపకం చెదిరిన పెద్దలు – వారిని కనిపెట్టుకొని ఉండే ఇంటివారు

అరుగుమీద కూర్చున్న ముసలమ్మ పొరుగింటావిడను పిలిచి, "చూశావటమ్మా, పొద్దుటినుంచీ మా కోడలు పచ్చి మంచినీళ్లయినా ఇయ్యలేదు" అంటుంది. కోడలు అన్నం కలిపి పెట్టి అరగంటయినా కాలేదు. తిన్న కంచం ఇంకా పెరట్లోనే ఉన్నది. పొరుగింటావిడ ఆ మాట నమ్ముతుంది. లోపల కోడలు కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. ముసలమ్మ అబద్ధమాడిందా? లేదు. అన్నం తిన్న సంగతి ఆమె మెదడులో నిలవలేదు. ఆమె మట్టుకు ఆమె చెప్పినది నిజమే.

ఈ స్థితిని వైద్యులు డిమెన్షియా అంటారు. తెలుగులో చిత్తవైకల్యమనే మాట వాడుకలో ఉన్నది. దీనిని ముసలితనపు చాదస్తమని సరిపెట్టుకోవటం పొరపాటు. కళ్లజోడు ఎక్కడ పెట్టినదీ మరచి, వెతుక్కొని, తరువాత జ్ఞాపకం తెచ్చుకోవటం పెద్దవయసులో మామూలే. కళ్లజోడు దేనికో తెలియకపోవటం, ఏండ్ల తరబడి నడిచిన వీధిలో దారి తప్పటం, చిల్లర లెక్కపెట్టలేకపోవటం వ్యాధి లక్షణాలు కావచ్చు. 2023లో ప్రకటితమైన ఒక అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7.4 మందికి, అనగా సుమారు 88 లక్షల మందికి, ఈ వైకల్యమున్నది.

1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో ఆలోయిస్ ఆల్జైమర్ అనే వైద్యుడు 51 ఏండ్ల స్త్రీ నొకామెను పరీక్షించాడు. ఆమెకు తన పేరు వ్రాయటం కూడ కష్టమయింది. 1906లో ఆమె మరణించిన తరువాత, ఆమె మెదడును సూక్ష్మదర్శినితో చూడగా, నాడీకణాల మధ్య మచ్చలవంటి పదార్థమూ, కణాల లోపల చిక్కుపడిన పోగులూ కనిపించినవి. మచ్చలు అమిలాయిడ్ అనే ప్రోటీనువి. పోగులు టౌ అనే ప్రోటీనువి. డిమెన్షియా కేసులలో నూటికి 60 నుంచి 70 వరకు ఆయన పేరుతో పిలిచే ఈ ఆల్జైమర్ వ్యాధివే. మెదడు రక్తనాళాలు దెబ్బతినటం మరొక ముఖ్య కారణం.

ఆల్జైమర్ వ్యాధి సాధారణంగా మొదట దెబ్బతీసేది హిప్పోకాంపస్‌ను, దాని ఇరుగుపొరుగు భాగాలను. హిప్పోకాంపస్‌ను కచేరీలోని గుమాస్తాతో పోల్చవచ్చు. ఏనాటి కాగితాలు ఆనాడు అందుకొని బీరువాకు చేర్చటం అతని పని. గుమాస్తా మంచాన పడితే కొత్త కాగితాలు బీరువాకు చేరవు. వెనుకటి కాగితాలు చాలాకాలం పదిలంగానే ఉంటవి. అందువలననే తన పెండ్లిలో వడ్డించిన వంటకాలన్నీ వరుసగా చెప్పగల ముసలమ్మ, ఈ మధ్యాహ్నం తిన్న కూర ఏదో చెప్పలేదు.

ఇంటివారు తెలుసుకోదగిన విషయం మరొకటి ఉన్నది. 2014లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆల్జైమర్ రోగులకు విషాదం కలిగించే సినిమా ముక్కలూ, సంతోషం కలిగించేవీ చూపించారు. కొద్ది నిమిషాలకే రోగులు చూసినదానిలో చాలా భాగం మరచిపోయారు. కాని ఆ దుఃఖమూ, ఆ సంతోషమూ వారిలో ఇంకా నిలిచే ఉన్నవి. సంగతి పోయినా మనసుకు తగిలినది వెంటనే పోదన్నమాట.

కనుక "ఇప్పుడేగా తిన్నారు, అంతలోనే మరచిపోయారా?" అని వాదించటం వలన లాభం లేదు. ఆ జవాబు నిలవదు. అవమానం మాత్రం నిలుస్తుంది. "ఆకలిగా ఉన్నదా అత్తయ్యా? ఈ అరటిపండు తినండి" అంటే సరిపోతుంది. "నేనెవరో చెప్పు" అని చుట్టాలు పరీక్షలు పెట్టటంకంటె "నేను మీ చిన్న మేనకోడలినత్తా" అని తామే చెప్పటం మంచిది. ఎదురుగా నిలబడి, ఒకసారికి ఒక మాటే చెప్పవలె. స్నానం, భోజనం, నిద్ర రోజూ ఒకే వేళకు జరగవలె. రాత్రి చిన్న దీపముండవలె. చొక్కా జేబులోనో, చీరె కొంగుకో ఇంటి ఫోను నంబరుండవలె. పూలు కట్టటం, చిక్కుడుకాయలు ఒలవటం వంటి చేతి అలవాట్లు మెదడులో వేరే భాగాల ఆధారంతో నడుస్తవి కనుక చాలాకాలం నిలుస్తవి. ఆ పనులు వారిచేత చేయించటం వారి గౌరవాన్ని నిలబెట్టటమే. ఉన్నట్టుండి చిరాకు, కలవరం హెచ్చితే మొండితనమనుకోరాదు. మలబద్ధకమో, మూత్రంలో ఇన్‌ఫెక్షనో, చెప్పుకోలేని నొప్పియో కారణం కావచ్చు.

మొదట వైద్యునికి చూపించటం అవసరం. థైరాయిడ్ లోపం, బి12 విటమిను లోపం, మనోవ్యాకులత కూడ మతిమరుపు తేగలవు. వాటికి చికిత్స ఉన్నది. ఆల్జైమర్ వ్యాధిని పూర్తిగా నయం చేసే మందు లేదు. కొన్ని మందులు లక్షణాలను కొంతకాలం తగ్గిస్తవి.

ఇక సాకేవారి సంగతి. డిమెన్షియా రోగిని చూసుకొనే ఇంటివారు సగటున రోజుకు 5 గంటలు అందుకు వెచ్చిస్తున్నారనీ, ఆ గంటలలో నూటికి 70 స్త్రీలవేననీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుతున్నది. పైగా నింద ఒకటి. దూరానున్న కొడుకు ఫోను చేస్తే తల్లి రెండు నిమిషాలు చక్కగా కుశలమడుగుతుంది. వ్యాధి బాగా ముదిరేవరకు మర్యాద మాటలు నిలిచే ఉంటవి. "అమ్మ బాగానే ఉన్నదే!" అని అతడు వదినగారిని శంకిస్తాడు. అతడు వారం రోజులు వచ్చి తల్లి దగ్గర ఉంటే సంగతి తెలుస్తుంది. వదినగారికీ వారం విశ్రాంతి దొరుకుతుంది.

సాకేవారికి ఊతమివ్వటం రోగికీ మేలే. న్యూయార్కులో జీవిత భాగస్వామిని సాకుతున్న 406 మందితో దీర్ఘకాలం జరిపిన పరిశోధన ఫలితాలు 2006లో వెలువడినవి. వారిలో కొందరికి, వారి కుటుంబాలకు సలహాదారులతో సమావేశాలు, తోటివారి బృందంలో మాట్లాడుకొనే వీలు, కావలసినప్పుడు ఫోనులో సలహా ఏర్పాటు చేశారు. వారు తమ రోగులను సంరక్షణాలయానికి పంపవలసిన అవసరం సుమారు 557 రోజులు వెనక్కు జరిగింది. మన దేశంలో 1992లో కేరళలో ఏర్పడిన ఆల్జైమర్ సంఘం ఇటువంటి కృషి చేస్తున్నది. వృద్ధుల సహాయానికి 14567 అనే ఫోను నంబరున్నది.

పొరుగింటావిడ చేయగలిగినదీ లేకపోలేదు. ముసలమ్మ మాట విని కోడలిని తప్పుపట్టకుండా, సాయంత్రం ఒక గంట అరుగుమీద కూర్చొని ఆమె పెండ్లి కబుర్లు వినవచ్చు. ఆ గంటలో కోడలు కాస్త నడుం వాలుస్తుంది.