టార్చిలైటు వెలుగును ఫోటోలతో పోల్చి చూచుట

వ్యవసాయదారునికి టార్చిలైటు ఒక పనిముట్టు. రాత్రివేళ మోటారు వేయుటకు, మడికి నీరు మళ్లించుటకు, కళ్లములోని ధాన్యమునకు కాపలా కాయుటకు, ఈనబోవు గేదెను చూచి వచ్చుటకు అది లేనిదే పని జరుగదు. విత్తనము ఎంచుకొనునపుడు నలుగురిని విచారించెదము. టార్చి కొనునపుడు మాత్రము పట్టపగలు అంగడిలో ఒక్కసారి మీట నొక్కి, గోడమీద వెలుగు చూచి, డబ్బు చెల్లించి వచ్చెదము. పగటివేళ అన్ని టార్చిలును ఒకే తీరుగ కనబడును. వాటి మంచిచెడ్డలు చీకటిలో, చేనిగట్టు మీదనే తెలియును.

ఈ ఎంపిక ప్రాణముతో ముడిపడినది. 2000 నుండి 2019 వరకు మన దేశములో సుమారు 12 లక్షల మంది పాముకాటు వలన మరణించిరని 2020లో వెలువడిన ఒక పరిశోధన అంచనా వేసినది. అనగా సాలీనా సగటున 58,000 మంది. వీరిలో అత్యధికులు గ్రామీణులు. సగము మరణములు జూన్ నుండి సెప్టెంబరు వరకు గల వానకాలములోనే సంభవించినవి. మరణములు హెచ్చుగానున్న 8 రాష్ట్రములలో, తెలంగాణను కలుపుకొని లెక్కించిన ఆంధ్రప్రదేశ్ ఒకటి. కట్లపాము రాత్రివేళ సంచరించును. రక్తపింజరియు ఎక్కువగా రాత్రులే తిరుగును. దాని గోధుమవన్నె ఎండుటాకులలో కలిసిపోవును. తాడును చూచి పామనుకొన్నచో నవ్వుకొని పోవచ్చును. పామును చూచి తాడనుకొన్నచో ప్రాణమునకే ముప్పు.

అందుచేత మీ పనికి తగిన వెలుగు ఏ టార్చిలో ఉన్నదో కొలిచి తెలిసికొను సులభమైన పద్ధతి నొకదానిని ఇచట వివరించుచున్నాము. ఇందులకు ఒక కెమెరా గాని, మొబైల్ ఫోను గాని చాలును.

ఔత్సాహికులు అనుసరించు విధానము

అమెరికా మొదలగు దేశములలో టార్చిలైట్లను అభిరుచి కొరకు సేకరించువారు కలరు. వారి కొరకు కొందరు నిపుణులైన పనివారు టైటానియము, రాగి, ఇత్తడి వంటి లోహములను లేతు మీద పట్టి, కొద్ది సంఖ్యలో ప్రత్యేకముగ టార్చిలు తయారు చేయుదురు. ఒక్కొక్కటి పదుల వేల రూపాయల ఖరీదు చేయుటయు కలదు. అంత ధనము వెచ్చించువారు పెట్టె మీది అంకెలను చూచి ఊరకొనరు. చీకటి రాత్రి ఒకే చోట కెమెరాను నిలిపి, ఒకే చెట్టు మీదకో గోడ మీదకో ఒక్కొక్క టార్చిని వేసి ఫోటోలు తీయుదురు. వాటిని పక్కపక్కన పెట్టి పోల్చి చూతురు. టార్చిలోని దీపమును గాని, అద్దమును గాని మార్చినపుడు మరల ఫోటో తీసి, మార్పు వలన లాభమెంతో తేల్చుకొందురు.

ఈ పద్ధతి ఖరీదైన టార్చిలతో పెరిగినదే గాని, 300 రూపాయల టార్చికి కూడ సరిగా పనికివచ్చును. దీని మూలసూత్రము రైతులకు క్రొత్తది కాదు. రెండు వరి రకములను పోల్చవలెనన్న ఒకే పొలములో, ఒకే రోజున నాటి, ఒకే మోతాదు ఎరువు వేసి, తెలిసిన రకము నొకదానిని పక్కన ఉంచి చూచెదము. ఒక మడికి ఎరువు వేసి, రెండవదానికి వేయకున్నచో ఆ పోలిక చెల్లదు. టార్చిల ఫోటోలకును ఇదే న్యాయము. టార్చి తప్ప మరేదియు మారరాదు.

పెట్టె మీది అంకెలకు అర్థమేమి?

టార్చి పెట్టె మీద సాధారణముగ మూడు అంకెలుండును. ల్యూమెన్లు, కాండెలా, దూరము. బోరు పోయు మొత్తము నీటి వంటివి ల్యూమెన్లు. గొట్టము మూతి వద్ద ధారకుండు వేగము వంటిది కాండెలా. బోరు నీరు ఎంత ఉన్నదో అంతే ఉన్నను, గొట్టము మూతిని నొక్కి పట్టినచో ధార దూరముగ పోవును; వదలినచో దగ్గరనే పరచుకొనును. వెలుగును అట్టిదే. ఒకే ల్యూమెన్లు గల రెండు టార్చిలలో ఒకటి చెరువు ఆవలి గట్టును చూపవచ్చును, రెండవది కాళ్ల ముందరి గట్టును మాత్రమే వెడల్పుగ చూపవచ్చును.

ఈ అంకెలను కొలుచుటకు 2009లో అమెరికాలో ఎఫ్.ఎల్.1 అను ప్రమాణము వెలువడినది. దాని ప్రకారము టార్చి వెలిగించిన 30 సెకండ్ల తరువాతనే కాంతిని కొలువవలెను. నిండు పున్నమి వెన్నెలకు సమానముగ, అనగా 0.25 లక్సు వెలుగు పడునంత వరకే ఆ టార్చి దూరమని వ్రాయవలెను. లెక్క తేలిక. కాండెలా అంకెకు వర్గమూలము కట్టి రెండుతో హెచ్చించిన మీటర్లలో దూరము వచ్చును. 10,000 కాండెలాల టార్చికి 200 మీటర్లు. 40,000 కాండెలాల టార్చికి 400 మీటర్లు. అనగా దూరము రెట్టింపు కావలెనన్న వెలుగు నాలుగు రెట్లు కావలెను. వెన్నెల వెలుగులో 200 మీటర్ల ఆవల నున్నది పందియో పొదయో తెలియదు గనుక, వ్రాసిన దూరములో సగమే అక్కరకు వచ్చునని ఎంచుట మంచిది. సగము దూరములో వెలుగు నాలుగు రెట్లుండును.

చేతిలో పట్టునంత టార్చి మీద లక్ష ల్యూమెన్లని అచ్చువేసి యున్నచో నమ్మరాదు. మంచి ఎల్.ఇ.డి. దీపము ఒక వాటు కరెంటుతో సుమారు 100 నుండి 150 ల్యూమెన్ల వెలుగు నిచ్చును. ఆ లెక్కన లక్ష ల్యూమెన్లకు 700 నుండి 1,000 వాట్లు కావలెను. ఒక హార్స్‌పవరు మోటారు 746 వాట్లు. మోటారు నడుపునంత శక్తి జేబులోని టార్చికి ఎక్కడనుండి వచ్చును? బొటనవ్రేలి లావుండు లిథియము సెల్ ఒకదానిలో సుమారు 10 నుండి 12 వాట్-గంటల శక్తి యుండును. దానితో 1,000 ల్యూమెన్ల వెలుగు ఒక గంటసేపు వచ్చుట గొప్ప.

వెలుగు ఆకారము

టార్చి వెలుగులో రెండు భాగములుండును. నడుమ ప్రకాశవంతమైన బొట్టు, దాని చుట్టు పలుచని వెలుగు. దీపము చుట్టునుండు గిన్నెవంటి అద్దము లోతుగ, వెడల్పుగ, నున్నగ ఉన్నచో నడిబొట్టు చిన్నదై దూరము పోవును. అదే అద్దము నారింజ తొక్కవలె గరుకుగ నున్నచో బొట్టు అంచులు మెత్తబడి, వెలుగు మచ్చలు లేక పరచుకొనును. దూరము కొంత తగ్గును. సంతలలో దొరకు జూము టార్చిలకు గిన్నె అద్దమునకు బదులు ఉబ్బెత్తు కటకముండును. మూతిని ముందుకు లాగినపుడు నేల మీద చదరపు వెలుగు పడుట మీరు గమనించియే యుందురు. అది లోని ఎల్.ఇ.డి. చిప్పు యొక్క ప్రతిబింబము. ఆ చదరము వెలుపల చీకటియే. దూరపు వస్తువును చూచుటకు అది పనికివచ్చును గాని, గట్టు మీద నడచుటకు పనికిరాదు. ఈ భేదములు పెట్టె మీద ఉండవు; ఫోటోలో స్పష్టముగ కనబడును.

ఫోటో తీయు విధానము

1. స్థలము : వీధిదీపములు కనబడని పంట కోసిన చేనుగాని, చెరువుగట్టుగాని మేలు. అమావాస్యకు దగ్గరి రాత్రిని ఎంచుకొనవలెను. మంచు, పొగ, దుమ్ము ఉన్నచో వెలుగు గాలిలోనే చెదరును.

2. గుర్తులు : టేపుతో కొలిచి 10, 25, 50, 100 మీటర్ల వద్ద సున్నము పూసిన కర్రలు పాతవలెను. 50 మీటర్ల వద్ద ఒక దిష్టిబొమ్మను నిలుపవలెను. 3 మీటర్ల వద్ద ఎండుటాకులు పరచి, వాటి మీద గోధుమరంగు తాడు ముక్క నొకదానిని వేయవలెను.

3. అమరిక : కెమెరాను స్టాండుకు గాని, గట్టిగ పాతిన గుంజకు గాని కంటి ఎత్తున కట్టవలెను. టార్చిని నడుము ఎత్తున మరియొక గుంజకు అమర్చవలెను. ప్రతి టార్చి నడిబొట్టును దిష్టిబొమ్మ రొమ్ము మీదనే పడవలెను.

4. కెమెరా : ఫోనులో "ప్రో" లేక "మాన్యువల్" అను పద్ధతిని ఎంచుకొనవలెను. ఐ.ఎస్.ఓ. 400, షట్టరు 1 సెకండు, వైట్ బ్యాలెన్సు 5,000 కెల్విన్లు పెట్టి, ఫోకసును 50 మీటర్ల బొమ్మ మీద నిలిపి, రెండు సెకండ్ల టైమరుతో తీసినచో చేతి కుదుపు ఉండదు. "నైట్" పద్ధతిని తప్పక ఆపివేయవలెను. అది చీకటి ఫోటోను తనంతట తానే వెలిగించును. అపుడు గుడ్డిదీపమును గొప్ప దీపమును ఒకటే యగును. అన్ని టార్చిలకు పై అంకెలు మారరాదు.

5. బ్యాటరీ : ప్రతి టార్చికి నిండు చార్జి ఉండవలెను. వెలిగించిన 30 సెకండ్ల తరువాత ఫోటో తీయవలెను.

6. వరుస : మొదట టార్చి లేకుండ ఒక ఫోటో. అది నల్లగ రావలెను. తరువాత మీకు బాగుగ తెలిసిన పాత టార్చి, దాని వెనుక మిగిలినవి, చివర మరల పాత టార్చి. పాత టార్చి మొదటి ఫోటోయు చివరి ఫోటోయు ఒకే తీరుగ నున్నచో నడుమ ఏమియు మారలేదని తెలియగలదు. ప్రతి ఫోటోకు ముందు పలక మీద సంఖ్య వ్రాసి దానిని కూడ ఫోటో తీసినచో తారుమారు కావు.

7. రెండవ వరుస : టార్చిని 3 మీటర్ల దూరములోని తాడు మీదకు వంచి అన్నిటికి మరల ఫోటోలు తీయవలెను. నడుమ తెల్లగ మండినట్లు వచ్చినచో షట్టరును పావు సెకండుకు తగ్గించి వరుస మొత్తమును మరల తీయవలెను. తెల్లబడిన రెండు బొట్లలో ఏది ఎక్కువో ఫోటో చెప్పజాలదు.

ఫోనులో "ప్రో" పద్ధతి లేనివారికి వేరొక ఉపాయము కలదు. తెల్లగోడకు 3 మీటర్ల దూరములో రెండు టార్చిలను ఒక మీటరు ఎడముగ నిలిపి, రెండింటిని వెలిగించి ఒకే ఫోటోలో తీయవలెను. ఒకే ఫోటో గనుక రెండింటికి న్యాయము సమానమే.

ఫోటోలను చదువుట

ముందుగ 3 మీటర్ల ఫోటోలో తాడును ఆకులనుండి వేరుపరచగలుగుచున్నారా చూడుడు. నీలిచాయ గల చౌక ఎల్.ఇ.డి. వెలుగులో ఎరుపు, గోధుమ వన్నెలు వెలవెలబోవును. రంగులను సూర్యకాంతిలో వలె ఎంత నిజముగ చూపునో తెలుపు సి.ఆర్.ఐ. అను అంకె కొన్ని టార్చిల మీద ఉండును. సూర్యకాంతికి అది 100. 90కి పైబడినది మంచిది. సాధారణ టార్చిలు 70 దరిదాపుల నుండును.

తరువాత 10 మీటర్ల కర్రకు ఇరువైపుల వెలుగు ఎంత వెడల్పు పరచుకొన్నదో, 50 మీటర్ల బొమ్మ చేతులు కనబడుచున్నవా, 100 మీటర్ల కర్ర తెలియుచున్నదా గమనింపుడు. ఒక గంటసేపు టార్చిని వెలిగించి యుంచి, 5, 30, 60 నిమిషములకు ఫోటో తీసినచో మరియొక రహస్యము బయటపడును. పెక్కు టార్చిలు వేడెక్కి కొద్ది నిమిషములకే వెలుగును తగ్గించుకొనును.

ఒక జాగ్రత్త అవసరము. మీ ఫోటోలను వేరొకరు వేరొక కెమెరాతో తీసిన ఫోటోలతో పోల్చరాదు. కన్ను చీకటికి అలవాటు పడుటకు 20, 30 నిమిషములు పట్టును. కెమెరాకు ఆ గుణము లేదు. కావున ఫోటో పోలికకు సాధనమే గాని కంటికి ప్రత్యామ్నాయము కాదు.

ఏ పనికి ఏ వెలుగు?

గట్ల మీద నడచువారికి, నీరు మళ్లించువారికి చుట్టువెలుగు వెడల్పుగ, రంగులు నిజముగ ఉన్న టార్చి కావలెను. 100, 200 ల్యూమెన్లు చాలును. తలకు కట్టు దీపము చేతులకు తీరిక నిచ్చును గాని, వెలుగును చూపును ఒకే వరుసలో నుండుట వలన నీడలు కనబడవు. నడుము ఎత్తున పట్టిన టార్చి వెలుగు ఏటవాలుగ పడి, మట్టిగడ్డకును చుట్టచుట్టుకొన్న పామునకును నీడ వేసి చూపును. మంచె మీద కాపలా కాయువారికి దూరము పోవు నడిబొట్టు గల టార్చి తగినది. దానిని మనుష్యుల కండ్లలోకి గాని, దారిన పోవు వాహనముల మీదకు గాని వేయరాదు. ఎంత మంచి టార్చి యున్నను బూట్లు, చేతికర్ర మానరాదు. పాముకాటు తగిలినచో మంత్రములతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

గ్రామాధికారులు, విస్తరణ సిబ్బంది వానకాలమునకు ముందు ఒక అమావాస్య రాత్రి రైతులను సమావేశపరచి, ఎవరి టార్చిని వారు తెచ్చుకొనునట్లు చెప్పి, ఈ పోలికను చేసి చూపవచ్చును. తీసిన ఫోటోలను రైతు సేవా కేంద్రములోనో, రైతు వేదికలోనో టార్చి ధరతో సహా అంటించి యుంచినచో, మరునాడు కొనబోవు రైతు అంగడివాని మాట మీద గాక తన చేనిలో పడిన వెలుగును చూచి ఎంచుకొనగలడు.